కలప బేరంలో తేమ మీటరు: ఏది కొనాలి, ఎలా కొలవాలి
(మా వాణిజ్య విలేకరి)

మౌలాలి: తేమ చూడకుండా ధాన్యం కాటా వేయించే వ్యాపారి ఉండడు. ప్రభుత్వ కొనుగోళ్లలో వడ్లకు 17 శాతం హద్దు, మొక్కజొన్నకు 14 శాతం. అంతకు మించితే సరుకును ఆరబెట్టి తెమ్మంటారు. ప్రైవేటు బేరంలోనైతే తరుగు తీస్తారు. వడ్ల బస్తాకు ఉన్న ఈ కట్టుబాటు, దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే టేకు చెక్కకు మాత్రం చాలాచోట్ల లేదు. చేత్తో తట్టి చూడడం, గోటితో గీరడం, "ఆరు నెలల కిందటి కోత" అన్న మాటను నమ్మడం, ఇవే నేటికీ ఎక్కువమందికి కొలమానాలు.

మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ మొదలు ఇసిఐఎల్ వరకు ఇళ్ల నిర్మాణానికి దర్వాజాలు, తలుపులు కావాలి. మౌలాలి, నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడలకు యంత్రాలు పంపే పెట్టెలు, పాలెట్లు కావాలి. ఇంత గిరాకీ ఉన్నచోట పేచీలకు కూడా కొదువ ఉండదు. డిపోలో నిటారుగా ఉన్న చెక్క కొన్నవాడి షెడ్డులో మూడు నెలలకు మెలిపడుతుంది. అమ్మినవాడు ఎండు సరుకే ఇచ్చానంటాడు. కొన్నవాడు పచ్చి సరుకు అంటగట్టారంటాడు. ఇద్దరి చేతుల్లోనూ మీటర్లు ఉన్నా, ఒకటి 12 చూపి మరొకటి 16 చూపితే పేచీ తీరదు సరికదా, ఇంకా ముదురుతుంది.

అందుచేత మీటరు కొనబోయే వర్తకుడు మొదట గ్రహించవలసినది ఒకటి ఉన్నది. కలప మీటరు కాటా వంటిది కాదు. కాటా ఏ సరుకునైనా ఒకే విధంగా తూస్తుంది. కలప మీటరు తేమను నేరుగా కొలవదు. చెక్కలోని విద్యుత్ గుణాన్ని కొలిచి, దానినిబట్టి తేమ ఎంతో లెక్క చెబుతుంది. చెక్క రకం, వేడి, కొలిచిన లోతు మారితే ఆ లెక్క కూడా మారుతుంది. ఇవేవీ చెప్పకుండా "తేమ 12 శాతం" అనడం, కొలత ప్రమాణం చెప్పకుండా ధర చెప్పడం వంటిదే.

ఒకే మాట, రెండు లెక్కలు

ధాన్యం, కలప రెంటిలోనూ వ్యాపారం చేసేవారు పొరబడేది ఇక్కడే. ధాన్యంలో తేమ శాతాన్ని మొత్తం బరువుపై లెక్కిస్తారు. కలపలో పూర్తిగా ఎండిన చెక్క బరువుపై లెక్కిస్తారు. వడ్లలో 17 శాతం అంటే వంద కిలోలలో 17 కిలోలు నీరు. అదే సరుకును కలప పద్ధతిలో లెక్కిస్తే 83 కిలోల పొడి సరుకుకు 17 కిలోల నీరు, అంటే 20.5 శాతం. అప్పుడే నరికిన చెట్టులో తేమ వంద శాతం దాటిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. చెక్క ఎంత బరువో నీరు అంతకన్న ఎక్కువ ఉందని మాత్రమే దాని అర్థం.

ఘనపుటడుగుల లెక్కన అమ్మే టేకులో ఈ తేడా వెంటనే బయటపడదు. టన్నుల లెక్కన అమ్మే సరుగుడు, సుబాబుల్, జామాయిల్ విషయంలో నేరుగా సొమ్ముపై పడుతుంది. పది టన్నుల లోడులో తేమ 40 శాతం అని ఒప్పుకున్నారనుకుందాం. కలప పద్ధతి ప్రకారం అందులో అసలు చెక్క 7.14 టన్నులు. ధాన్యం పద్ధతి ప్రకారం 6 టన్నులే. ఒక్క లారీలో తేడా టన్నుకు పైమాట. బాయిలర్లకు వంటచెరకు, చెక్కముక్కలు కొనే కర్మాగారాలు చాలావరకు మొత్తం బరువుపైనే తేమ లెక్క చూస్తాయి. కాగా, కలప మీటర్లు చూపేది పొడి బరువు లెక్క. బేరానికి ముందే ఏ లెక్కో తేల్చుకోవాలి.

ఎండు సరుకు అంటే ఎంత?

చెక్కలో తేమ సుమారు 28 శాతానికి దిగేవరకు పోయేది కణాల లోపలి బోలులో ఉన్న నీరు. అంతవరకు బరువు తగ్గుతుందే గాని కొలతలు తగ్గవు. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ కణాల గోడల్లోని నీరు పోయి చెక్క కుంచించుకుపోతుంది. పగుళ్లు, వంకరలు, మెలికలు పుట్టేది ఈ దశలోనే.

మన కలపల్లో టేకు బాగా నిలకడ కలది. అయినా పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేసరికి దాని ఘనపరిమాణం సుమారు 7 శాతం తగ్గుతుంది. వంద ఘనపుటడుగుల పచ్చి టేకు కొని 12 శాతం వరకు ఎండబెడితే మిగిలేది సుమారు 96 ఘనపుటడుగులు. కోతలో పోయే పొట్టు దీనికి అదనం. పచ్చి సరుకు, ఎండు సరుకు ధరలను పోల్చేవారు ఈ నాలుగు అడుగుల తరుగును కూడా లెక్కలో వేసుకోవాలి. అలాగే 250 మిల్లీమీటర్ల వెడల్పు గల టేకు పలక 18 శాతం తేమతో తలుపులో చేరి, తరువాత 10 శాతానికి ఎండితే, కోత తీరునుబట్టి వెడల్పులో 4 మిల్లీమీటర్ల వరకు తగ్గవచ్చును. తలుపు పలకల మధ్య వెలుతురు కనబడేది ఇందువల్లనే.

ఎంతవరకు ఎండాలన్నది ఊరి గాలినిబట్టి ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట చెక్క 6 శాతం దగ్గర నిలుస్తుంది. 50 శాతం ఉంటే 9, 65 శాతం ఉంటే 12, 80 శాతం ఉంటే 16 దగ్గర నిలుస్తుంది. జంటనగరాల్లో మే నెల మధ్యాహ్నాలు పొడిగా కాలిపోతాయి. ఆగస్టులో గాలి తడిగా ఉంటుంది. అందుచేత ఇక్కడ ఒకే చెక్క వేసవికి 7, 8 శాతానికి దిగి, వానాకాలంలో 13, 14కు ఎక్కగలదు. వేసవిలో బిగువుగా అమర్చిన తలుపు వానాకాలంలో పట్టేయడం అందరికీ తెలిసినదే. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు డిపోల్లో 14, 15 శాతం వద్ద నిలకడగా ఉన్న సరుకు అక్కడికి ఎండు సరుకే. దానినే ఏప్రిల్‌లో మౌలాలికి తెచ్చి కోస్తే అది ఇంకా ఎండవలసిన సరుకు. ఇద్దరు వ్యాపారుల మాటా నిజమే కావచ్చును.

భారతీయ ప్రమాణాల సంస్థ 1993లో సవరించిన ఐ.ఎస్. 287 ప్రమాణం కూడా ఈ కారణంతోనే దేశాన్ని గాలిలోని సగటు తేమనుబట్టి నాలుగు మండలాలుగా విభజించింది. 50 మిల్లీమీటర్ల కన్న పలుచని తలుపు, కిటికీ చెక్కకు మండలాన్నిబట్టి 8 నుంచి 14 శాతం వరకు, అంతకన్న మందమైన వాటికి 10 నుంచి 16 శాతం వరకు హద్దులు పెట్టింది. ఒప్పందంలో "బాగా ఎండిన కలప" అని రాయడానికి బదులు ఈ ప్రమాణం పేరు, మండలం, శాతం రాసుకోవడం ఉభయులకూ మేలు.

మీటర్లు రెండు విధాలు

మొదటిది సూదుల మీటరు. రెండు సూదులు చెక్కలో దిగుతాయి. వాటి మధ్య విద్యుత్తుకు చెక్క ఎంత అడ్డు తగులుతున్నదో మీటరు కొలుస్తుంది. 7 శాతం తేమ వద్ద వేల మెగోముల్లో ఉండే ఆ నిరోధం 25 శాతం దగ్గరికి వచ్చేసరికి సుమారు ఒక మెగోమ్ స్థాయికి పడిపోతుంది. తేడా ఇంత భారీగా ఉండబట్టే ఈ పద్ధతి పనికివస్తున్నది. ఐతే దీనికి రెండు కొసలా హద్దులు ఉన్నాయి. 7 శాతానికి దిగువన నిరోధం మరీ ఎక్కువై లెక్క కుదరదు. 28, 30 శాతానికి ఎగువన నిరోధంలో మార్పు స్వల్పం. పచ్చి దుంగపై మీటరు 60 అని చూపినా దానిని "బాగా పచ్చిది" అన్నంతవరకే తీసుకోవాలి. ఆ అంకె మీద తరుగు కట్టకూడదు.

రెండవది సూదులు లేని మీటరు. వెనుక ఉన్న పలకను చెక్కపై ఆనిస్తే చాలును. విద్యుత్ క్షేత్రం చెక్కలోకి చొచ్చుకుపోయి, అక్కడి తేమనుబట్టి మారే గుణాన్ని కొలుస్తుంది. రంధ్రాలు పడవు. ఒక్కొక్క చెక్కకు ఒకటి రెండు సెకండ్లు చాలును గనుక లాటు మొత్తం చూడవచ్చును. ఐతే అది చూపేది చెక్క సాంద్రతపై ఆధారపడి ఉంటుంది. పైన్‌కు సరిపెట్టిన మీటరును నల్లమద్దిపై పెడితే లేని తేమ ఉన్నట్లు చూపుతుంది. చెక్క ఉపరితలం గరుకుగా ఉండి మధ్యలో గాలి సందు ఏర్పడితే తక్కువ చూపుతుంది. పలుచని చెక్క కింద ఇనుప బల్ల ఉన్నా, మరో తడి చెక్క ఉన్నా, దాని ప్రభావం కూడా అంకెలో చేరుతుంది.

ఎవరికి ఏది?

చౌకట్ల సైజులు, దూలాలు, మందమైన పలకలు అమ్మే డిపోలకు సూదుల మీటరే తగినది. అందులోనూ సుత్తితో దించే పొడవు సూదులు, మొన తప్ప మిగతా భాగానికి విద్యుత్ నిరోధక పూత ఉన్నవి తీసుకోవాలి. పూత లేని సూదులు తమకు తగిలిన పొరల్లో అన్నిటికన్న తడిగా ఉన్న పొరనే ఎక్కువగా చూపుతాయి. పైన వానజల్లు పడితే లోపల ఎండిన సరుకును కూడా పచ్చిదని చెబుతాయి. పూత ఉన్నవి మొన దిగిన లోతులోని తేమను చెబుతాయి. చెక్క మందంలో నాలుగో వంతు నుంచి ఐదో వంతు లోతున కొలిస్తే సగటు తేమకు దగ్గరగా వస్తుంది. సగం లోతున మరొకసారి కొలిస్తే లోపలి పచ్చిదనం తెలుస్తుంది. పైన 10, లోపల 18 ఉన్న చెక్క సగటు లెక్కలో గట్టెక్కుతుంది గాని, మధ్యకు కోసిన రోజున వంకర తిరుగుతుంది.

చిత్రిక పట్టిన పలుచని పలకలు, తయారైన తలుపులు, ఫర్నిచరు కొనేవారికి సూదులు లేని మీటరు అనుకూలం. అమ్మకానికి పెట్టిన తలుపుకు రంధ్రాలు పొడిస్తే ఏ దుకాణదారూ ఊరుకోడు. ఈ మీటరు కొనేటప్పుడు క్షేత్రం ఎంత లోతుకు పోతుందో తెలుసుకోవాలి. 20 మిల్లీమీటర్ల లోతు చూసే మీటరును 12 మిల్లీమీటర్ల పలకపై పెడితే అది కింది బల్లను కూడా కలిపి కొలుస్తుంది.

రెండు విధాల సరుకూ నడిపే పెద్ద డిపో ఐతే సూదులు లేని మీటరుతో లాటు అంతా చూసి, అనుమానం వచ్చిన చెక్కలను సూదుల మీటరుతో తేల్చుకోవడం మంచి పద్ధతి.

రకం సవరణ, వేడి సవరణ

విదేశీ మీటర్లలో అనేకం అమెరికా డగ్లస్ ఫర్ చెక్కకో, ఐరోపా చెక్కలకో సరిపెట్టి వస్తాయి. టేకుకు, నల్లమద్దికి, ఏగిసకు, వేపకు సవరణ ఉన్నదా అని అడగనిదే మీటరు కొనరాదు. సవరణ పట్టికలో టేకు ఉన్నంత మాత్రాన సరిపోదు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి నిషేధించాక, మన బజారులో ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకుకు ప్రాముఖ్యం పెరిగింది. ముదురు అడవి టేకుకు, లేత తోటల టేకుకు సాంద్రతలో తేడా ఉంటుంది. చేవలో, తెల్లచెక్కలో కూడా మీటరు ఒకే విధంగా పలకదు.

రెండవది వేడి. సూదుల మీటర్లను సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిపెడతారు. చెక్క వేడెక్కితే విద్యుత్తు సులువుగా పారుతుంది. మీటరు తేమ ఎక్కువని భ్రమపడుతుంది. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు ఒక శాతం తేడా వస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 40 డిగ్రీల వేడి ఉన్న చెక్కపై 14 చూపితే, అసలు తేమ 12 దగ్గర ఉండవచ్చును. ఒకే లాటును అమ్మినవాడు ఉదయం ఆరు గంటలకు, కొన్నవాడు మధ్యాహ్నం రెండు గంటలకు కొలిస్తే తేడా రాకుండా ఎలా ఉంటుంది? వేడి సవరణ చేసుకునే సదుపాయం ఉన్న మీటరుకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. సవరణకు చూడవలసినది చెక్క వేడి గాని గాలి వేడి కాదని గుర్తుంచుకోవాలి.

చెదలు పట్టకుండా లవణాల మందు పట్టించిన కలప మరో చిక్కు. ఆ లవణాలు విద్యుత్తును పారనిస్తాయి గనుక సూదుల మీటరు ఉన్నదానికన్న ఎక్కువ చూపుతుంది.

మీటరును సరిచూడడం

తుది తీర్పు చెప్పేది ఓవెన్, కాటా. పలక కొసలు త్వరగా ఎండుతాయి గనుక, కొసనుంచి కనీసం అర మీటరు వదిలి, 25 మిల్లీమీటర్ల ముక్క అడ్డంగా కోయాలి. అంతకు ముందే ఆ చోట మీటరుతో కొలిచి అంకె రాసుకోవాలి. కోసిన వెంటనే ముక్కను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదన్నంతవరకు ఎండబెట్టి మళ్లీ తూయాలి. మొదటి బరువు 230 గ్రాములు, చివరి బరువు 200 గ్రాములు అయితే పోయిన నీరు 30 గ్రాములు. దానిని 200తో భాగించి వందతో హెచ్చవేస్తే 15 శాతం. ఆ చోట మీటరు 17 చూపి ఉంటే ఆ సరుకుకు మీటరు రెండు ఎక్కువ చెబుతున్నదన్నమాట. ఒక్కొక్క రకానికి, తేమలో హెచ్చుతగ్గులు ఉన్న ఐదారు ముక్కలతో ఈ పని చేస్తే డిపోకు సొంత సవరణ పట్టిక తయారవుతుంది. ఏ కంపెనీ పుస్తకం కన్నా అది నమ్మదగినది.

ప్యాకింగు పెట్టెల సంగతి

ఎగుమతి సరుకుకు పాలెట్లు సరఫరా చేసేవారు హెచ్.టి. ముద్రను ఎండు సరుకుకు గుర్తుగా భావించరాదు. 2002లో వచ్చిన ఐ.ఎస్.పి.ఎం. 15 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో ఎడతెగకుండా 30 నిమిషాలు ఉండాలి. ఇది పురుగులను చంపడానికి ఏర్పాటు. అరగంటలో చెక్క ఎండదు. ముద్ర ఉన్న పచ్చి పాలెట్ మూసిన కంటైనరులో వారాల తరబడి ఉంటే బూజు పడుతుంది, పక్కనున్న ఇనుప భాగాలకు తుప్పు పట్టవచ్చును. ముద్ర వేరు, తేమ వేరు. ఆర్డరులో రెంటినీ విడివిడిగా రాయించుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

మీటర్లు కొన్ని వందల రూపాయల నుంచి పదుల వేల వరకు ఉన్నాయి. అంకె పక్కన దశాంశం చూపినంత మాత్రాన మీటరు ఖచ్చితమైనది కాదు. 12.3 అని చూపే చౌక మీటరు రెండు మూడు శాతం తప్పి ఉండవచ్చును. మీటరు సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకునే పరీక్షా దిమ్మ కూడా ఇస్తారా? విరిగితే సూదులు విడిగా దొరుకుతాయా? బ్యాటరీ నీరసిస్తే హెచ్చరిస్తుందా, లేక తప్పు అంకె చూపుతూ పోతుందా? సవరణ పట్టికలో మీరు అమ్మే రకాలు ఉన్నాయా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని దుకాణంలో ధర ఎంత తగ్గించినా లాభం లేదు. ధాన్యం మీటరు చేతిలో ఉన్నది గదా అని దానితో చెక్కను చూడబోవడం వృథా. అది గింజలకు సరిపెట్టినది.

బిల్లుపై రాయవలసినవి

కొలత తీసే చోటు కూడా ముఖ్యమే. దొంతరలో పైవరుస చెక్కలు గాలికి ఎండి ఉంటాయి. మచ్చు నడిమి వరుసల నుంచి, కింది వరుసల నుంచి తీయాలి. వంద చెక్కల లాటుకు కనీసం పదింటిని, ఒక్కొక్కదాన్ని మూడుచోట్ల చూడడం మంచిది. సూదులను చెక్క గీతల వెంబడి వరుసగా దించాలి. కణుపుల మీద, పగుళ్ల మీద దించరాదు. సగటు ఒక్కటే రాస్తే చాలదు. సగటు 12 ఉన్న లాటులో 20 శాతం చెక్కలు రెండు మూడు కలిసి ఉండవచ్చును. తలుపు చేసేవాడి కొంప ముంచేవి అవే.

అందుచేత బిల్లుపై గాని, ఒప్పంద పత్రంపై గాని ఈ కొద్ది మాటలు ఉండాలి: కలప రకం, మీటరు ఏ విధమైనది, కొలిచిన లోతు, చెక్క వేడి, సగటు శాతం, ఏ చెక్కా దాటరాని గరిష్ఠ శాతం, పొడి బరువు లెక్కా లేక మొత్తం బరువు లెక్కా అన్నది, కొలిచిన తేదీ. పేచీ వస్తే ఓవెన్ పరీక్షకు ఉభయులూ కట్టుబడతారని, ఆ ఖర్చు తప్పు తేలినవారు భరిస్తారని మరొక వాక్యం చేర్చుకోవాలి. సరుకు దించుకున్న రోజునే, ఇరుపక్షాల మనిషి ఎదుట, ఒకే మీటరుతో కొలవాలి. ఆ రోజు దాటి ఆరుబయట నెల రోజులు పడి ఉన్న చెక్క తేమకు అమ్మినవాడు బాధ్యుడు కాడు. ఆ రోజే 18 చూపిన చెక్కకు "ఎండుతుంది లెండి" అన్న మాటను నమ్మి పూర్తి ధర చెల్లించవలసిన అవసరమూ కొన్నవాడికి లేదు.